గోదావరి ఆనకట్ట నిర్మాత సర్ ఆర్థర్ కాటన్: జీవితం, కృషి

గోదావరి నదిపై ధవళేశ్వరం వద్ద తొలి ఆనకట్టను నిర్మించి, డెల్టా ప్రాంతాన్ని సస్యశ్యామలం గావించిన ఇంజనీరు జనరల్ సర్ ఆర్థర్ థామస్ కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో జన్మించారు. 1899 జూలై 24న, 96 సంవత్సరాల వయస్సులో, డార్కింగ్ పట్టణంలో కన్నుమూశారు. గోదావరి జిల్లాల ప్రజలు ఆయనను నేటికీ కాటన్ దొరగా స్మరించుకుంటారు. ఆయన పేరు ఆనకట్టతో పెనవేసుకుపోయిన కారణంగా, ఆయన జీవితమంతా పోరాడిన మరొక అంశం కొంత మరుగున పడింది. ప్రజోపయోగ నిర్మాణానికి నిధులు ఎవరు ఇవ్వాలి, ఎప్పుడు ఇవ్వాలి, కట్టిన తరువాత ఏటేటా దాని బాగోగులు ఎవరు చూడాలి అన్న ప్రశ్నలే ఆ అంశం. ఈ ప్రశ్నలకు ఆయన చెప్పిన సమాధానాలలో కొన్ని కాలపరీక్షకు నిలిచాయి, కొన్ని నిలవలేదు.

కాటన్ 15 సంవత్సరాల ప్రాయంలోనే ఈస్టిండియా కంపెనీకి చెందిన అడిస్కోంబ్ సైనిక విద్యాలయంలో చేరారు. 1819లో ఇంజనీర్ల దళంలో నియమితులై, 1821లో మద్రాసు చేరుకున్నారు. చెరువుల శాఖలోను, భారత సింహళ దేశాల మధ్య పాంబన్ జలమార్గపు సర్వేలోను కొంతకాలం పనిచేశారు. 1824లో మొదలైన మొదటి బర్మా యుద్ధంలో పాల్గొన్నారు. యుద్ధానంతరం 1828లో కావేరి నదీ వ్యవహారాల పరిశీలన ఆయనకు అప్పగించడం జరిగింది. ఇంజనీరుగా ఆయన అసలు చదువు అక్కడే ఆరంభమైనదని చెప్పవచ్చు.

తిరుచిరాపల్లి సమీపాన కావేరి రెండుగా చీలుతుంది. ఉత్తరపు పాయ కొల్లిడం పల్లంగా ఉండడం వల్ల నీరంతా అటువైపే పారిపోతూ, తంజావూరు పొలాలకు నీరందించే కావేరి పాయ ఏటికేడు ఇసుక మేటలతో పూడుకుపోతుండేది. పూడిక తీయడానికి ప్రభుత్వం ఏటా డబ్బు ఖర్చు పెట్టేది. మరుసటి ఏడు మళ్ళీ అదే పరిస్థితి ఎదురయ్యేది. చీలిక వద్దనే కొల్లిడంపై అడ్డుకట్ట వేస్తే సమస్య మూలంలోనే పరిష్కారమవుతుందని కాటన్ ప్రతిపాదించారు. ఎంత లోతుకు తవ్వినా ఇసుకే తప్ప రాయి తగలని నదీగర్భంలో కట్టడం నిలుస్తుందా అన్నది ఆనాటి ఇంజనీర్లను వేధించిన సందేహం. ఆ సందేహానికి సమాధానం కాటన్‌కు కొద్దిమైళ్ళ దిగువన ఉన్న కల్లణైలో లభించింది. కరికాల చోళునిదిగా ప్రసిద్ధి చెందిన ఆ ప్రాచీన ఆనకట్ట నిర్మాణాన్ని ఆయన నిశితంగా పరిశీలించారు. ఆ కట్టడానికి లోతైన పునాది లేదు. పెద్ద పెద్ద బండలను ఇసుకపై పరచగా, అవి తమ బరువుకు తామే క్రుంగి, ఇక క్రుంగని స్థితికి చేరిన తరువాత వాటిపై మరికొన్ని బండలను పేర్చుకుంటూ పోయారు. ఇసుకలో పునాది నిలిపే విద్యను ఇక్కడి ప్రాచీన శిల్పుల వద్దనే నేర్చుకున్నామని ఆయన తరువాతి కాలంలో నిస్సంకోచంగా అంగీకరించారు. పాలకుల దేశానికి చెందిన అధికారి ఈ మాట చెప్పడం ఆనాడు అరుదైన విషయమే.

1836 నుండి కొల్లిడంపై ఎగువ ఆనకట్ట, దిగువ ఆనకట్ట అమలులోకి వచ్చాయి. అయితే పని అంతటితో ముగియలేదు. కొల్లిడంలోకి పోయే నీటిని ఆపిన కారణంగా కావేరి పాయలో ప్రవాహం బలపడి, ఈసారి నది అడుగు కోతకు గురికావడం మొదలైంది. దానిని అదుపు చేయడానికి 1840ల దశకం మధ్యలో ఆనకట్ట కొంత భాగాన్ని తగ్గించి, కావేరి మొదలులో అడ్డుగోడ నిర్మించవలసి వచ్చింది. నదిపై ఒక కట్టడం కట్టడమంటే నదితో దీర్ఘకాల ఒడంబడిక చేసుకోవడమేనన్న సంగతి ఆ అనుభవంతో మద్రాసు ఇంజనీర్లకు తెలిసివచ్చింది.

ఆ సమయంలో గోదావరి జిల్లాల పరిస్థితి దయనీయంగా ఉన్నది. 1832-33లో నందన నామ సంవత్సరపు కరువు, ప్రజల వాడుకలో డొక్కల కరువు, కృష్ణా గోదావరి మండలాలను కబళించింది. 1839 నవంబరులో వచ్చిన తుఫాను ఉప్పెన కోరంగి రేవును నాశనం చేసింది. ప్రభుత్వ లెక్కల ప్రకారం 1821లో 7 లక్షల 38 వేలుగా ఉన్న రాజమండ్రి జిల్లా జనాభా ఇరవై సంవత్సరాలలో 5 లక్షల 61 వేలకు తగ్గిపోయింది. పక్కనే అంత పెద్ద జీవనది సముద్రంలో కలుస్తుండగా ప్రజలు తిండిలేక వలసపోవడం, మరణించడం ఆనాటి పాలనకే ప్రశ్నగా నిలిచింది. పరిస్థితిని విచారించడానికి ప్రత్యేకంగా నియమితులైన సర్ హెన్రీ మాంట్గొమరీ 1844లో నివేదిక సమర్పిస్తూ జలవనరుల అభివృద్ధిని సిఫారసు చేశారు. నదికి అడ్డుకట్ట వేసే ఆలోచన అప్పటికి కొత్తది కాదు. 1790ల దశకంలోనే మైకేల్ టాపింగ్ ఈ డెల్టాలను సర్వే చేసి అటువంటి సూచన చేశారు. అర్ధశతాబ్ది పాటు ఆ సూచన కాగితాలకే పరిమితమైంది.

కాటన్ 1844లో ఒక నివేదికను, 1845లో మరింత వివరమైన మరొక నివేదికను ప్రభుత్వానికి సమర్పించారు. వాటిలో సాంకేతిక వివరాల కంటె ఆర్థిక వాదనే ఎక్కువ ఆసక్తికరంగా కనిపిస్తుంది. ఆనకట్టకు ఎంత ఖర్చవుతుందన్న ప్రశ్నతో ఆయన సరిపెట్టుకోలేదు. ఆనకట్ట లేకపోవడం వల్ల ఇప్పటికే ఎంత ఖర్చవుతున్నదో లెక్కకట్టారు. కరువు ఏళ్ళలో మాఫీ చేసిన శిస్తు, తగ్గిపోయిన సాగు, ఊళ్ళు వదలి వెళ్ళిన రైతులు, ఇవన్నీ ఆయన పద్దులో ఖర్చు కిందనే చేరాయి. ఎగుమతులు లేక కుదేలైన జిల్లాకు, కాల్వలలో పడవలు నడిస్తే రవాణా చౌకగా అందుబాటులోకి వస్తుందని కూడా చూపించారు. లండన్‌లోని కంపెనీ డైరెక్టర్లు 1846లో ప్రణాళికను ఆమోదించారు. 1847లో పనులు ప్రారంభమయ్యాయి.

స్థలం ఎంపికలో ఆయన ముందుచూపు స్పష్టమవుతుంది. ధవళేశ్వరం వద్ద గోదావరి విశాలమై, నడుమ లంకలతో పాయలుగా విడిపోతుంది. లంకల పుణ్యమా అని నీటిలో కట్టవలసిన నిడివి తగ్గింది. డెల్టా శిరస్సున ఉండడం వల్ల అక్కడి నుండి మూడు వైపులకూ కాల్వలు వాలుగా సాగిపోతాయి. అన్నిటికంటె మించి, ఒడ్డునే కొండ ఉన్నది. ఆ కొండరాయి నిర్మాణానికి అవసరం. నిర్మాణం పూర్తయిన తరువాత ప్రతి వరదకూ కొట్టుకుపోయే రాతిని మళ్ళీ నింపడానికి మరింత అవసరం. కొండ నుండి నది వరకు రాతిని మోయడానికి ఇనుప పట్టాలు వేశారు. దేశంలోని తొలి పట్టాల మార్గాలలో ఇదొకటి. రైలు మార్గాల కంటె కాల్వలే ఈ దేశానికి మేలని జీవితాంతం వాదించిన కాటన్, తన ఆనకట్టకు రాతిని పట్టాల మీదనే తరలించారు.

ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా ఆనకట్ట రూపుదిద్దుకున్నది. నాలుగింటి మొత్తం నిడివి 12 వేల అడుగులకు కొద్దిగా తక్కువ. ఎత్తు సుమారు 12 అడుగులు. ఇసుకలో బావులు దింపి, వాటిపై సున్నపు గచ్చుతో రాతికట్టుబడి చేసి, దిగువన విడిరాళ్ళతో విశాలమైన రాతిపరుపు పరచారు. వేలాది కూలీలు, వడ్రంగులు, కమ్మరులు, తాపీ పనివారు శ్రమించారు. వారిని సమీకరించి పనులు నడిపించడంలో స్థానికుడైన వీణం వీరన్న చేసిన సేవ గణనీయమైనది. ఆయన సేవలకు గుర్తింపుగా ప్రభుత్వం రాయ్ బహద్దూర్ బిరుదుతో గౌరవించింది.

నిధుల విడుదలలో జాప్యం కాటన్‌ను అడుగడుగునా బాధించింది. గోదావరిలో పని చేయగలిగిన కాలం వరదలు తగ్గినప్పటి నుండి మళ్ళీ తొలకరి వరకే. ఆ కొద్ది నెలలలో మంజూరు ఉత్తర్వు ఒక నెల ఆలస్యమైతే ఒక సంవత్సరమే పోయినట్లు లెక్క. సగం కట్టిన గోడను వరదకు అప్పగించి కూర్చోవడం మరింత నష్టదాయకం. లండన్‌లో ఆర్థిక సంవత్సరం ఒక లెక్కన, గోదావరిలో నీటి సంవత్సరం మరొక లెక్కన నడిచేవి. మరొకవైపు తొలి అంచనాలు వాస్తవ వ్యయానికి చాలా తక్కువగా తేలడంతో ఆయన విమర్శకులకు బలం చేకూరింది. ఈ విమర్శను పూర్తిగా తోసిపుచ్చలేము. పనిని ఎలాగైనా మొదలుపెట్టించాలన్న ఆతురతలో అంచనాలను తక్కువగా వేయడం కాటన్ పద్ధతిలోని బలహీనతగానే కనిపిస్తుంది.

ఎండలలో నిర్విరామ శ్రమ ఆయన ఆరోగ్యాన్ని దెబ్బతీసింది. 1848లో బాధ్యతలను కెప్టెన్ ఆర్‌కు అప్పగించి ఆస్ట్రేలియా వెళ్ళారు. 1850లో తిరిగి వచ్చి, 1852లో ఆనకట్ట పూర్తయ్యేవరకు పర్యవేక్షించారు. కోనసీమలోని గన్నవరం వద్ద వైనతేయ పాయపై నుండి కాల్వను దాటించే అక్విడక్టును లెఫ్టినెంట్ హేగ్ ఒకే పనుల కాలంలో నిర్మించి లంక భూములకు నీరందించారు. దానికి బదులుగా 2000 సంవత్సరం ప్రాంతంలో నిర్మించిన కొత్త అక్విడక్టుకు అన్నదాతగా పేరుగాంచిన డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. ఇదే స్ఫూర్తితో కెప్టెన్ ఆర్ ఆధ్వర్యంలో విజయవాడ వద్ద కృష్ణపై ఆనకట్ట 1855 నాటికి పూర్తయింది.

1854లో కాటన్ భారతదేశంలోని ప్రజాపనుల గురించి ఒక గ్రంథం ప్రచురించారు. ప్రజల నుండి వసూలు చేసే పన్నులతో పోల్చితే కాల్వలు, చెరువులు, రోడ్లపై ప్రభుత్వం వెచ్చిస్తున్నది అత్యల్పమని అందులో నిశితంగా విమర్శించారు. కొలువులో ఉండగానే ప్రభుత్వాన్ని బహిరంగంగా తప్పుపట్టిన ఈ ధోరణి ఆయనకు మిత్రుల కంటె శత్రువులనే ఎక్కువగా సంపాదించిపెట్టింది. పూర్వం గ్రామస్థులు ఇంటికొకరు చొప్పున వచ్చి చెరువు కట్టలకు, కాల్వలకు మరమ్మతులు చేసుకునే కుడిమరామత్తు ఆచారం కంపెనీ పాలనలో క్షీణించింది. ఆ ఆచారం స్థానంలో మద్రాసు ప్రభుత్వం 1858లో నిర్బంధ శ్రమ చట్టం తెచ్చింది. గండ్లు పడే ప్రమాదం ఏర్పడినప్పుడు గ్రామస్థులను పనికి రప్పించే అధికారం ఈ చట్టం ద్వారా అధికారులకు లభించింది. ప్రజలు తమదిగా భావించి చేసుకున్న పనిని శాసనంతో చేయించవలసి రావడం ఆ కాలపు పాలనలోని లోపాన్నే సూచిస్తుంది.

1860లో కాటన్ పదవీ విరమణ చేశారు. 1861లో సర్ బిరుదు లభించింది. ఆ తరువాత ఆయన సలహాలతో చేపట్టిన పథకాలలో కొన్ని విఫలమయ్యాయి. ప్రభుత్వ నిధుల జాప్యానికి విసిగిన ఆయన ప్రైవేటు కంపెనీల ద్వారా కాల్వలు తవ్వించవచ్చునని విశ్వసించారు. ఆ విశ్వాసంతో 1858లో ఏర్పడిన మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ తుంగభద్రపై సుంకేసుల వద్ద ఆనకట్ట కట్టి కర్నూలు కడప కాల్వను తవ్వింది. పది లక్షల పౌన్ల పెట్టుబడిపై నూటికి 5 వంతున వడ్డీకి ప్రభుత్వం హామీ ఇచ్చింది. లాభం వచ్చినా రాకపోయినా వాటాదారులకు వడ్డీ అందుతుంది కనుక వ్యయాన్ని అదుపు చేయవలసిన అగత్యం కంపెనీకి లేకపోయింది. మొత్తం సొమ్ము చాలక మరింత అప్పు చేయవలసి వచ్చింది. మెట్టపైరులకు అలవాటుపడిన నల్లరేగడి రైతులు కాల్వనీటికి వెంటనే ముందుకు రాలేదు. గోదావరి డెల్టా రైతుకు నీటి కొరత ఉన్నది, కర్నూలు రైతుకు కూడా అదే కొరత ఉన్నదని ఊహించి పథకం రూపొందించారు గాని, అక్కడి నేల, అక్కడి పంట వేరన్న సంగతికి తగిన ప్రాధాన్యం ఇవ్వలేదు. చివరకు 1882లో ప్రభుత్వమే కాల్వను కొనుగోలు చేయవలసి వచ్చింది. కాల్వ మాత్రం వృథా కాలేదు. కర్నూలు, కడప ప్రాంతాల రైతాంగానికి అది తరువాతి కాలంలో ఎంతగానో ఉపకరించింది. ఎగువ గోదావరిలో పడవల రవాణా కోసం హేగ్ నడిపిన పథకాన్ని 1871లో మధ్యలోనే నిలిపివేశారు. నేటి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోని దుమ్ముగూడెం ఆనకట్ట ఆ ప్రయత్నానికి మిగిలిన గుర్తు.

1876-78 నాటి మహా క్షామం అనంతరం, 1878లో బ్రిటిష్ పార్లమెంటు దిగువ సభ నియమించిన ప్రజాపనుల కమిటీ ముందు కాటన్ హాజరై సాక్ష్యమిచ్చారు. రైలు మార్గాలకు ఇచ్చిన ప్రాధాన్యం కాల్వలకు ఇవ్వలేదన్న ఆయన వాదనకు ఆ కమిటీలో తగిన ఆదరణ లభించలేదు. విశ్రాంత జీవితంలో ఆయన డార్కింగ్‌లో నేలను లోతుగా దున్ని గోధుమ దిగుబడి పెంచే ప్రయోగాలు చేస్తూ గడిపారు. ఆయన మరణించిన మరుసటి సంవత్సరం, 1900లో, కుమార్తె లేడీ హోప్ ఆయన జీవిత చరిత్రను వెలువరించారు.

కాటన్ ఆనకట్ట ఆయన అనంతరం కూడా ఎనిమిది దశాబ్దాలు పనిచేసింది. దాని దీర్ఘాయువుకు నిర్మాణ నాణ్యత ఎంత కారణమో, ఏటా జరిగిన మరమ్మతులు అంతే కారణం. వరద తగ్గిన వెంటనే దిగువ రాతిపరుపులో ఎక్కడెక్కడ గుంటలు పడ్డాయో కొలిచి కొండరాయితో నింపేవారు. వేసవిలో కాల్వలు మూసి పూడిక తీసేవారు, లాకులకు, తూములకు మరమ్మతులు చేసేవారు. అవసరాన్ని బట్టి ఆనకట్టపై ఎత్తు పెంచి తలుపులు అమర్చారు. ఈ పనులకు ప్రారంభోత్సవాలు ఉండవు, శిలాఫలకాలు ఉండవు. వీటిని నిర్వహించిన మేస్త్రీలు, లస్కర్లు, సెక్షన్ ఆఫీసర్ల పేర్లు చరిత్రకు ఎక్కలేదు.

కట్టడాలకు ఆయుర్దాయం ఉంటుందనడానికి ఇతర నిదర్శనాలు కూడా ఉన్నాయి. కృష్ణ ఆనకట్టకు 1952లో గండి పడగా, దాని స్థానంలో ప్రకాశం బ్యారేజి నిర్మించి 1957లో వినియోగంలోకి తెచ్చారు. కాటన్ తొలి నిర్మాణమైన కొల్లిడం ఎగువ ఆనకట్టలో కొన్ని గేట్లు 2018 ఆగస్టులో వరద ఉద్ధృతికి కొట్టుకుపోయాయి. అక్కడ తరువాత కొత్త కట్టడాన్ని నిర్మించవలసి వచ్చింది. గోదావరి విషయంలో మాత్రం ప్రమాదం ముంచుకురాకముందే ప్రత్యామ్నాయం సిద్ధమైంది. పాత ఆనకట్ట సమీపాన 1970లో చేపట్టిన బ్యారేజి 1982 నాటికి పూర్తయింది. 175 గేట్లతో నిర్మించిన ఈ బ్యారేజికి కాటన్ పేరు పెట్టారు. నాలుగేళ్ళు తిరగకముందే, 1986 ఆగస్టులో, 35 లక్షల క్యూసెక్కుల మహావరద దానిని పరీక్షించింది. బ్యారేజి నిలిచింది గాని దిగువన ఏటిగట్లకు గండ్లు పడి ఊళ్ళు నీట మునిగాయి. 2006లో 28 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చినపుడు కూడా గట్లు తెగాయి. ఆ తరువాత గట్లను ఎత్తు పెంచి పటిష్ఠపరిచారు. 2022 జూలైలో సుమారు 25 లక్షల 80 వేల క్యూసెక్కుల ప్రవాహం నమోదయింది.

కాటన్ ప్రణాళికలో తక్కువ శ్రద్ధకు నోచుకున్నది మురుగునీటి పారుదల. పొలానికి నీరు తెచ్చే కాల్వలు వచ్చాయి గాని, పొలం నుండి నీటిని బయటకు పంపే డ్రెయిన్లు అదే స్థాయిలో రాలేదు. వర్షాకాలంలో పైరు నీట నానిపోవడం డెల్టా రైతుకు దశాబ్దాల తరబడి ఆవేదన మిగిల్చింది. ఈ పనులకు నిధుల కోసం 1968లో రాష్ట్ర శాసనసభ కృష్ణా గోదావరి డెల్టా ప్రాంతాల డ్రైనేజీ సెస్సు చట్టాన్ని ఆమోదించింది. లబ్ధి పొందే రైతే నిర్వహణకు కొంత చెల్లించాలన్న సూత్రం దానికి ప్రాతిపదిక. 1997లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ సాగునీటి వ్యవస్థల రైతుల నిర్వహణ చట్టం మరొక అడుగు ముందుకు వేసి, పదివేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాల ఏర్పాటుకు దారితీసింది. నీటి తీరువాలో కొంత భాగాన్ని సంఘాలకు ఇచ్చి, కాల్వ మరమ్మతుల నిర్ణయం రైతులకే వదలిపెట్టాలన్నది ఈ చట్టం ఉద్దేశం. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరులో ఈ సంఘాలకు ఎన్నికలు జరిగాయి.

గోదావరి డెల్టాలో నేడు సుమారు 10 లక్షల ఎకరాలు తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టా కాల్వల కింద సాగవుతున్నాయి. ధవళేశ్వరంలో కాటన్ పేరిట మ్యూజియం ఉన్నది. డెల్టా గ్రామాలలో అనేకచోట్ల ఆయన విగ్రహాలను రైతులే ప్రతిష్ఠించుకున్నారు. ఏటా మే 15న జలవనరుల శాఖ ఇంజనీర్లు, రైతులు బ్యారేజి వద్ద ఆయన జయంతిని నిర్వహిస్తారు. ఆ తేదీ కాల్వల మూసివేత సమయంలో వస్తుంది. పూడికతీత, గేట్ల మరమ్మతులు, లాకుల పనులు తొలకరి వరదలోగా ముగించవలసి ఉన్నందున, జయంతికి వచ్చే ఇంజనీర్లలో పలువురు పనుల మధ్యనుండే వచ్చి తిరిగి పనులకే వెళ్తుంటారు.